తుపాను రాత్రి మూగబోయిన రేడియో

అది 2013వ సంవత్సరం అక్టోబరు 12వ తేదీ. దసరా సెలవులు. అప్పుడు నేను బరంపురంలో తొమ్మిదవ తరగతి చదువుతున్నాను. మా ముత్తాతల కాలంలోనే మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ పెరిగినవాళ్ళం.

ఫైలిన్ అనే పెనుతుపాను ఆ రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుందని ముందునుండే చెబుతున్నారు. గోపాల్‌పూర్ సముద్రతీరం మా ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరం. ఒడిశా తీరంలో లక్షలాది మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మాది డాబా ఇల్లు. పెంకుటిళ్ళలో ఉండే ఇరుగుపొరుగు కుటుంబాలు రెండు ఆ రోజు మా ఇంటికే వచ్చి తలదాచుకున్నాయి. మధ్యాహ్నం మూడు గంటలకు కరెంటు పోయింది. టీవీ ఆగిపోయింది. సాయంత్రానికి సెల్‌ఫోన్లూ పలకలేదు. బయటి సంగతి చెప్పగల వస్తువు ఇంట్లో ఒక్కటే మిగిలింది. అది మా అన్నయ్య సొంతంగా తయారుచేసిన రేడియో.

అన్నయ్య అప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. ఆ రేడియో చూడడానికి గొప్పగా ఏమీ ఉండేది కాదు. పాత ప్లాస్టిక్ టిఫిను డబ్బా, దానిలో రాగితీగ చుట్టిన ఫెర్రైట్ కడ్డీ, టి.ఏ. 7642 అనే మూడు కాళ్ళ చిప్పు, శబ్దాన్ని పెంచే ఎల్.ఎం. 386 అనే మరో చిప్పు, చిన్న స్పీకరు, ఒక 9 వోల్టుల చదరపు బ్యాటరీ. అంతే. కాని మీడియం వేవ్‌లో ఆకాశవాణి కటక్ కేంద్రం గణగణమని వినిపించేది. ఆ సాయంత్రం పద్నాలుగు మందిమి దాని చుట్టూ చేరాము. తుపాను ఎక్కడిదాకా వచ్చిందో ఒడియాలో చెబుతుంటే నాన్న గోడ మీద పటంలో వేలు పెట్టి చూపించేవారు.

రాత్రి ఎనిమిది గంటల వేళ రేడియో గొంతు మారింది. వార్తలు చదివేవారి గొంతు పెరిగినప్పుడల్లా మోటారు పడవ నడిచినట్టు డబడబమని చప్పుడు. మాట తెలియడం లేదు. "ఏమంటున్నాడురా?" అని నాయనమ్మ అడుగుతూనే ఉంది. అన్నయ్య మీట అటూ ఇటూ తిప్పాడు. లాభం లేకపోయింది. బయట గాలి తలుపులను విరగ్గొట్టేలా ఉంది.

అర్ధరాత్రి వేళ గాలి ఒక్కసారిగా తగ్గింది. పెరటి పాకలో ఆవు అరుస్తోంది. చిన్నాన్న లాంతరు పట్టుకొని లేచాడు.

"ఎక్కడికి?" అంది నాయనమ్మ.

"గాలి ఆగింది కదమ్మా! ఆవును చూసివస్తాను."

"ఆగిందని నీకెవరు చెప్పారు? కూర్చో."

నాయనమ్మ భయానికి కారణం ఉంది. పెనుతుపాను నడుమ 'కన్ను' అనే భాగం ఉంటుంది. అది మన మీదుగా పోతున్నంతసేపు గాలి నెమ్మదిస్తుంది. తుపాను వెళ్ళిపోయిందనుకొని బయటికి వచ్చినవారిని, కన్ను దాటగానే, ఎదురు దిక్కు నుండి వచ్చే గాలి కొట్టేస్తుంది. ఇప్పుడు తగ్గింది తుపానా, లేక ఇది కన్నా? రేడియో పలికి ఉంటే ఆ సంగతి తెలిసేది. అది బల్ల మీద డబడబమంటోంది. చిన్నాన్న గొణుక్కుంటూ కూర్చున్నాడు. కొద్దిసేపటికే గాలి మళ్ళీ లేచింది. పెరటి పాక కప్పు ఎగిరిపోయిన చప్పుడు మాకందరికీ వినిపించింది. ఆవు బ్రతికింది. పాక మట్టుకు పోయింది.

తెల్లవారిన తరువాత అన్నయ్య మల్టీమీటరు తెచ్చి రేడియో బ్యాటరీని కొలిచాడు. 7.4 వోల్టులు ఉంది. "ఇంత ఉండగా ఎందుకు పాడలేదు? దీనికి కావలసింది 5 వోల్టులే కదా!" అన్నాడు. తరువాత రేడియో వేసి, అది నడుస్తూ ఉండగా మళ్ళీ కొలిచాడు. ఈసారి 6.1. రేడియోకు అందుతున్నది 4.5 వోల్టుల దగ్గర ఊగిసలాడుతోంది.

ఈ మూడు అంకెలలోనే ఆ రాత్రి కథ అంతా ఉంది. వాటిని అర్థం చేసుకోవాలంటే ముందుగా బ్యాటరీ అంటే ఏమిటో కొంచెం తెలియాలి.

1800వ సంవత్సరంలో ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా తన పరిశోధనను లోకానికి తెలిపాడు. రెండు వేర్వేరు లోహాల బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు ఉంచి, అటువంటి జతలను ఒకదానిపై ఒకటి పేర్చితే ఎడతెగని విద్యుత్ప్రవాహం వస్తుందని ఆయన చూపాడు. వోల్టు అనే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. 1866లో ఫ్రాన్సు దేశస్థుడైన లెక్లాంచే జింకు, మాంగనీసు డయాక్సైడులతో ఒక ఘటం తయారుచేశాడు. ఈనాడు మనం కొట్టులో కొనే మామూలు సెల్లులలో ఉండేవి కూడా ఆ రెండు పదార్థాలే. కొత్త సెల్లు ఒక్కొక్కటి రమారమి ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది. 9 వోల్టుల చదరపు బ్యాటరీలో అటువంటి చిన్న సెల్లులు ఆరు వరుసగా కలిపి ఉంటాయి.

సెల్లు మీద 1.5 అని అచ్చువేసి ఉంటుంది. కాని అది సెల్లు జీవితమంతా ఉండే అంకె కాదు. కొత్త ఆల్కలైన్ సెల్లును కొలిస్తే 1.6 దాకా చూపుతుంది. వాడేకొద్దీ 1.4, 1.2, 1.1 అని దిగుతూ, 0.9 దగ్గరకు వచ్చేసరికి దానిలో ఇక చెప్పుకోదగ్గ శక్తి మిగలదు. పైగా పాతబడుతున్నకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. అందువల్ల ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే బాగానే ఉన్నట్టు కనిపించి, పని చెప్పగానే చతికిలబడుతుంది. అన్నయ్య బ్యాటరీలో జరిగింది అదే. రేడియో ఆపి ఉండగా 7.4, నడుస్తూ ఉండగా 6.1. తేడా 1.3 వోల్టులు. రేడియో 45 మిల్లీ ఆంపియరులు తీసుకుంటోంది. 1.3ను 0.045తో భాగిస్తే బ్యాటరీ లోపలి నిరోధం సుమారు 29 ఓములు అని తేలుతుంది. ఏ బ్యాటరీనైనా పని చేస్తుండగా కొలవాలి. మనుషుల విషయం కూడా ఇంతే అనేవాడు అన్నయ్య.

ఇక చిప్పుల సంగతి. టి.ఏ. 7642 చాలా సున్నితమైనది. దానికి 1.2 నుండి 1.6 వోల్టుల మధ్యనే ఇవ్వాలి. ఎక్కువైతే ఈల వేస్తుంది. తక్కువైతే గొంతు పోతుంది. ఎల్.ఎం. 386కు కనీసం 4 వోల్టులు కావాలి. అందుకని అన్నయ్య బ్యాటరీకీ రేడియోకూ నడుమ 7805 అనే వోల్టేజి నియంత్రకాన్ని పెట్టాడు. వాడుకలో దీనిని రెగ్యులేటరు అంటారు. దీనికి మూడు కాళ్ళు. ఒకదానికి బ్యాటరీ, నడిమిదానికి ఋణధ్రువం, మూడవదాని నుండి నికరంగా 5 వోల్టులు. ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే ఏ చిన్న కొట్టులో అయినా దొరుకుతుంది, ధరా తక్కువే. ఆ 5 వోల్టుల నుండి ఒక నిరోధకం, రెండు డయోడ్ల సాయంతో మొదటి చిప్పుకు 1.3 వోల్టులు తయారుచేశాడు. సిలికాన్ డయోడులో ప్రవాహం సాగుతున్నప్పుడు దాని రెండు కొసల మధ్య రమారమి 0.65 వోల్టులు నిలిచి ఉంటుంది. రెండింటిని వరుసగా పెడితే 1.3. ఇంత చిన్న అవసరానికి ఇంతకంటె తేలికైన ఉపాయం లేదు.

మరి లోపం ఎక్కడ?

మా వీధికి కరెంటు రావడానికి పది రోజులు పట్టింది. వచ్చిన మరునాడు అన్నయ్యతో కలిసి రేడియోలు బాగుచేసే తాతగారి కొట్టుకు వెళ్ళాను. ఆయన డబ్బా మూత తీసి చూసి, నవ్వి, ఎదురుగా మిద్దె మీద ఉన్న నీళ్ళ ట్యాంకును చూపించారు.

"ట్యాంకు నిండా ఉంటే కొళాయి జోరుగా వస్తుంది. తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. నీకు ధార ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలనుకో. కొళాయి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వాడు మర బిగిస్తాడు. నీళ్ళు తగ్గుతుంటే కొంచెం కొంచెం విప్పుతాడు. పూర్తిగా విప్పేసిన తరువాత వాడు చేసేది ఏముంది? ఆ పైన ట్యాంకు ఎంత తగ్గితే ధారా అంత తగ్గుతుంది. నీ 7805 ఆ మనిషే బాబూ!"

నిజానికి రెగ్యులేటరులో ఉండే ఏర్పాటు అదే. లోపల మారకుండా నిలిచే ఒక ఆధార వోల్టేజి ఉంటుంది. బయటికి పోయే వోల్టేజిని దానితో సరిపోల్చి చూసే భాగం ఒకటి ఉంటుంది. తేడా కనబడగానే, దారిలో ఉన్న ట్రాన్సిస్టరును బిగించడమో విప్పడమో చేస్తుంది. అయితే 7805లో ట్రాన్సిస్టరు పూర్తిగా విప్పుకున్నా దాని దగ్గర దాదాపు 2 వోల్టులు ఆగిపోతాయి. దీనిని ఒక విధమైన సుంకం అనుకోండి. 5 రావాలంటే 7 ఇవ్వాలి. బ్యాటరీ 7 కంటె దిగిన క్షణం నుండి 7805 ఇక కాపలా మనిషి కాదు, ఉత్త తీగముక్క వంటిది. వార్తలు చదివే గొంతు పెరిగినప్పుడు స్పీకరు ఎక్కువ ప్రవాహం లాగుతుంది. బ్యాటరీ కుంగుతుంది. ఆ కుంగుబాటు నేరుగా చిప్పులకు చేరుతుంది. శబ్దం తెగుతుంది. తెగగానే బ్యాటరీ లేస్తుంది. మళ్ళీ శబ్దం, మళ్ళీ కుంగుబాటు. ఆ రాత్రి మేము విన్న మోటారు పడవ చప్పుడు ఇదే.

తాతగారు అంతటితో ఆగలేదు. "ఈ బ్యాటరీ ఎప్పుడు వేశావు?" అని అడిగారు.

"తుపానుకు రెండు రోజుల ముందు. పదో తారీకు రాత్రి. కొత్తదే."

"మీట ఎక్కడ పెట్టావో చూసుకున్నావా?"

అన్నయ్య ముఖం మాడిపోయింది. మీట బ్యాటరీకీ రెగ్యులేటరుకూ మధ్య లేదు. రెగ్యులేటరుకూ రేడియోకూ మధ్య ఉంది. అంటే రేడియో ఆపినా రెగ్యులేటరు బ్యాటరీకి అంటుకొనే ఉంది. 7805 తన పని తాను చేసుకోవడానికే 5 మిల్లీ ఆంపియరులు తాగుతుంది. పదవ తేదీ రాత్రి నుండి పన్నెండవ తేదీ మధ్యాహ్నం వరకు 43 గంటలు. 43ను 5తో గుణిస్తే 215 మిల్లీ ఆంపియరు-గంటలు. ఆ తరువాత రేడియో నడిచింది సుమారు 5 గంటలు, 45 మిల్లీ ఆంపియరుల చొప్పున 225. ఆ రకం జింకు-కార్బను బ్యాటరీలో ఉండేదే దాదాపు 400. రేడియో పాడినందుకు ఎంత ఖర్చయిందో, పాడనందుకూ ఇంచుమించు అంతే ఖర్చయిందన్నమాట!

పాడినప్పుడైనా ఖర్చు సవ్యంగా లేదు. బ్యాటరీ నుండి 9 వోల్టుల దగ్గర 45 మిల్లీ ఆంపియరులు పోతే అది 405 మిల్లీవాట్లు. రేడియోకు చేరినది 5 వోల్టుల దగ్గర 40 మిల్లీ ఆంపియరులు, అంటే 200 మిల్లీవాట్లు. మిగిలిన సగం రెగ్యులేటరులో వేడిగా మారి గాలిలో కలిసింది. కొళాయి బిగించినప్పుడు నీరు ట్యాంకులో మిగులుతుంది. ఇక్కడ అలా కాదు. తగ్గించిన వోల్టేజి అంతా వేడే. తాతగారి పోలికలో ఈ ఒక్క చోట ఒప్పుదల లేదు.

"అయితే జెనర్ డయోడు పెడితే?" అని నేను అడిగాను. అప్పుడే ఆ పేరు ఎక్కడో చదివాను. అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ జెనర్ పేరు మీద వచ్చిన డయోడు అది. ఎదురు దిశలో కలిపితే తనకు నిర్ణయించిన వోల్టేజి దగ్గర ప్రవాహాన్ని వదిలి, ఆ వోల్టేజిని నిలబెడుతుంది. తాతగారు కాగితం మీద లెక్క వేశారు. 9 వోల్టుల బ్యాటరీ, 150 ఓముల నిరోధకం, 5.1 వోల్టుల జెనర్. నిరోధకం మీద పడేది 3.9 వోల్టులు. దానిగుండా పోయేది 26 మిల్లీ ఆంపియరులు. రేడియో తీసుకున్నా తీసుకోకపోయినా ఆ 26 పోతూనే ఉంటుంది. రేడియో వదిలినదాన్ని జెనర్ మింగుతుంది. బ్యాటరీ 6.5కు దిగితే నిరోధకం గుండా వచ్చేది 9 మిల్లీ ఆంపియరులే. 40 కావలసిన రేడియోకు అది ఏ మూలకు? కొద్దిపాటి ప్రవాహంతో, ఎప్పుడూ ఒక్కలాగే నడిచే పరికరానికి జెనర్ చాలు. రేడియోకు చాలదు.

స్విచింగ్ రెగ్యులేటరు అనే మరొక రకం ఉంది. ఇది కొళాయిని సగం బిగించే పద్ధతి కాదు. సెకనుకు వేల, లక్షల సార్లు పూర్తిగా తెరుస్తూ పూర్తిగా మూస్తూ, ఒక తీగచుట్టలో శక్తిని నిలువచేసి అందిస్తుంది. వేడి తక్కువ. నూటికి ఎనభై, తొంభై వంతుల శక్తి పరికరానికి చేరుతుంది. వోల్టేజిని తగ్గించడమే కాదు, పెంచగలదు కూడా. తెల్లని ఎల్.ఇ.డి. దీపానికి రమారమి 3 వోల్టులు కావాలి. అయినా ఒకే ఒక సెల్లుతో వెలిగే టార్చీలు ఉన్నాయంటే ఈ ఉపాయం వల్లనే. మరి అన్నయ్య దీనిని ఎందుకు వాడలేదు? మీడియం వేవ్ ప్రసారాలు సెకనుకు సుమారు 5 లక్షల నుండి 16 లక్షల కంపనాల మధ్య ఉంటాయి. స్విచింగ్ రెగ్యులేటరు లేపే రొద సరిగ్గా అక్కడే పడుతుంది. ఇంట్లో ఫోను చార్జరు పక్కన మీడియం వేవ్ రేడియో పెట్టి చూడండి, గరగర వినిపించవచ్చు. దీపాలకు, మోటార్లకు, లెక్కలు చేసే చిప్పులకు స్విచింగ్ మేలు. మీడియం వేవ్ రేడియోకు మాత్రం నెమ్మదైన పాత పద్ధతే మేలని నా అభిప్రాయం.

తాతగారు చివరికి అన్నయ్యను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "నీ రేడియోకు 5 వోల్టులు ఎందుకు కావాలి?"

అన్నయ్య దగ్గర జవాబు లేదు. కొట్టులో 7805 దొరికింది కాబట్టి 5. బ్యాటరీ చిన్నగా ఉండి డబ్బాలో పట్టింది కాబట్టి 9. మొదటి చిప్పుకు కావలసింది ఒకటిన్నర లోపే. శబ్దం పెంచే చిప్పుగా 386కు బదులు టి.డి.ఏ. 2822 పెడితే అది 3 వోల్టులకు కూడా హాయిగా పని చేస్తుంది. అప్పుడు రేడియోకు 3.3 వోల్టులు చాలు.

దానితో లెక్క అంతా తలక్రిందులయింది. 9 వోల్టుల బ్యాటరీకి బదులు నాలుగు పెన్సిలు సెల్లులు. కొత్తగా ఉన్నప్పుడు నాలుగూ కలిసి 6.4 వోల్టులు. పూర్తిగా అయిపోయేసరికి ఒక్కొక్కటి 0.9 చొప్పున 3.6 వోల్టులు. రెగ్యులేటరు పని ఈ 6.4కూ 3.6కూ మధ్య. 7805 వంటి సుంకం ఎక్కువ తీసుకునే రెగ్యులేటరు ఇక్కడ పనికిరాదు. తక్కువ తేడాతో పనిచేసే రెగ్యులేటర్లు వేరే ఉన్నాయి. తాతగారు డబ్బా వెతికి ఎల్.పి. 2950 అనే చిన్న ముక్క తీసి ఇచ్చారు. 3.3 వోల్టుల రకం. ఇంత కొద్ది ప్రవాహానికి దాని సుంకం 0.3 వోల్టుల లోపే. అంటే బ్యాటరీ 3.6కు దిగేదాకా 3.3 నిలబెడుతుంది. సెల్లులలో ఉన్న సత్తువ అంతా పిండుకోవచ్చు. రేడియో ఆపి ఉన్నప్పుడు అది తాగేది మిల్లీ ఆంపియరులో పదో వంతు కూడా ఉండదు. అయినా ఈసారి మీట బ్యాటరీ పక్కనే పెట్టాలని తాతగారు మరీ మరీ చెప్పారు.

ఆల్కలైన్ పెన్సిలు సెల్లులో ఇటువంటి కొద్ది ప్రవాహానికి 2,000 మిల్లీ ఆంపియరు-గంటలకు పైగా ఉంటుంది. వరుసగా కలిపినప్పుడు వోల్టులు కూడుతాయి గాని ఈ అంకె కూడదు. కాబట్టి నాలుగింటికీ కలిపి అదే 2,000. రేడియోకు 40 చొప్పున పోతే 50 గంటలు. 9 వోల్టుల బ్యాటరీతో 5 గంటలు వచ్చిన చోట 50 గంటలు!

మీరు ఇటువంటిది చేయదలిస్తే కొన్ని సంగతులు ముందుగా తెలియాలి. వీటిలో కొన్ని మేము చేతులు కాల్చుకొని నేర్చుకున్నవి. ఎల్.పి. 2950 కాళ్ళ వరుస 7805 కాళ్ళ వరుస వంటిది కాదు. అన్నయ్య అలవాటు చొప్పున అతికి మొదటి ముక్కను కాల్చేశాడు. ఏ ముక్కకైనా దాని వివరాల పత్రం చూసి తీరాలి. రెగ్యులేటరు బయటికి ఇచ్చే కాలికి, ఋణధ్రువానికి మధ్య 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటరును దగ్గరగా అతకాలి. అది లేకపోతే ఈ రకం రెగ్యులేటరు నిలకడ తప్పి తానే కంపించడం మొదలుపెడుతుంది. చిప్పులను కలపక ముందు వాటికి బదులుగా ఒక నిరోధకం పెట్టి వోల్టేజి కొలిచి చూసుకోవాలి. 3.3 వోల్టులకు 82 ఓముల నిరోధకం పెడితే 40 మిల్లీ ఆంపియరులు పోతుంది. రేడియో తీసుకునేది అంతే కదా!

కొత్త సెల్లులనూ పాత సెల్లులనూ కలిపి వేయకూడదు. వరుసలో ఒకటి ముందుగా అయిపోతే మిగిలినవి దాని గుండా ప్రవాహాన్ని బలవంతంగా నెడతాయి. అది తిరగబడి కారుతుంది. ఆ ద్రవం రాగిని తినేస్తుంది. తిరిగి చార్జి చేసుకునే నికెల్ సెల్లులు వాడవచ్చు. వాటి వోల్టేజి 1.2 మాత్రమే అని కొందరు వెనుకాడుతారు. కాని అవి ఆ 1.2 దగ్గరే చాలాసేపు నిలుస్తాయి. నాలుగింటికి 4.8. మన 3.3కు అది ధారాళంగా సరిపోతుంది. 7805తో అయితే ఒక్క నిమిషం కూడా నడవదు.

పాత సెల్‌ఫోను బ్యాటరీల విషయంలో మాత్రం తొందర వద్దు. ఈ లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 3 వోల్టులు. అంతకంటె దిగనిస్తే పాడవుతుంది. 4.2కు మించి చార్జి చేసినా, రెండు ధ్రువాలూ నేరుగా తగిలినా మంటలు లేవవచ్చు. రక్షణ సర్క్యూటు ఉన్న బ్యాటరీనే, దానికోసం చేసిన చార్జరుతోనే వాడాలి. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోవద్దు. పెద్దవారికి చెప్పండి.

మరుసటి సంవత్సరం, 2014లో, సరిగ్గా అదే అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖలో మా మేనత్త ఉంటుంది. ఆ రోజు ఆమెవాళ్ళ ఫోను కలవలేదు. బరంపురంలో వాన, ఉండి ఉండి వచ్చే కరెంటు. అన్నయ్య కొత్తగా కట్టిన రేడియోలో పెన్సిలు సెల్లులు వేసి నాయనమ్మ మంచం పక్కన పెట్టాడు. రాత్రి దగ్గరగా, పగలు మధ్య మధ్య, మూడు రోజులలో దాదాపు 24 గంటలు అది పలుకుతూనే ఉంది. ఏ ఊళ్ళో నీళ్ళు నిలిచాయో, ఏ రైళ్ళు ఆగాయో నాయనమ్మే మాకు చెప్పేది. నాలుగో రోజు మేనత్త ఫోను చేసింది. ఇంటి కిటికీలు పోయాయట. మనుషులు క్షేమం.

ఆ సాయంత్రం రేడియో నడుస్తూ ఉండగానే అన్నయ్య సెల్లులను కొలిచాడు. నాలుగింటికి కలిపి 4.8 వోల్టులు. రెగ్యులేటరు దగ్గర 3.3. నాయనమ్మ, "మీటరు తరువాత పెట్టుకోవచ్చు, వార్తలు విననీయరా!" అని కసిరింది.

అభ్యాసం

ఈ క్రింది ప్రశ్నలకు సొంత మాటలలో జవాబులు వ్రాయండి.

1. గాలి తగ్గినప్పుడు చిన్నాన్నను నాయనమ్మ ఎందుకు ఆపింది?

2. బ్యాటరీని రేడియో నడుస్తుండగా కొలవడం వల్ల అన్నయ్యకు కొత్తగా ఏమి తెలిసింది?

3. "రేడియో పాడినందుకు ఎంత ఖర్చయిందో, పాడనందుకూ ఇంచుమించు అంతే ఖర్చయింది." ఈ మాటను లెక్కతో వివరించండి.

4. తాతగారు చెప్పిన నీళ్ళ ట్యాంకు పోలిక ఎక్కడ సరిపోయింది? ఎక్కడ సరిపోలేదు?

5. మూడు పెన్సిలు సెల్లులతో 3.3 వోల్టుల పరికరాన్ని నడపాలనుకున్నారు. ఒక్కొక్క సెల్లు 1.2 వోల్టులకు దిగినప్పుడు, 0.3 వోల్టుల సుంకం తీసుకునే రెగ్యులేటరు పని చేస్తుందా? ఆ తరువాత ఏమవుతుంది?

6. తలదాచుకొను, చతికిలబడు, చేతులు కాల్చుకొను, తలక్రిందులగు: వీటిని సొంత వాక్యాలలో ప్రయోగించండి.

7. మీ ఊరిలో కరెంటు చాలాసేపు లేని ఒక రాత్రి ఎలా గడిచిందో ఇంట్లో పెద్దలను అడిగి, వారు చెప్పిన మాటలలోనే వ్రాయండి.